ఆర్కేడ్ బోర్డుకు ఇంట్లోనే కన్సోల్: పెట్టె ఎంపిక చివరన ఎందుకు రావాలి

ఒకప్పుడు వీడియో గేమ్ పార్లర్లలో నాణెం వేసి ఆడిన యంత్రాల్లో అసలు ఆటంతా ఉండేది లోపలి సర్క్యూట్ బోర్డులోనే. చెక్క కేబినెట్లు విరిగిపోయాయి, పిక్చర్ ట్యూబులు మసకబారాయి. బోర్డులు మాత్రం చేతులు మారుతూ నేటికీ నిలిచి ఉన్నాయి. ఆన్‌లైన్ వేలాల పుణ్యమా అని జపాన్‌లోనో ఐరోపాలోనో అటక మీద పడి ఉన్న బోర్డు ఇప్పుడు ఏ ఊరికైనా చేరగలుగుతోంది. అలా చేరిన బోర్డును కేబినెట్ అవసరం లేకుండా ఇంటి టీవీకి కలిపి ఆడించే పరికరాన్ని సూపర్‌గన్ అంటారు.

దాన్ని తయారుగా కొనుక్కోవచ్చు. విడిభాగాలు తెచ్చి సోల్డరింగ్ చేసుకోవచ్చు. లేదా ఒకే బోర్డును ఒక పెట్టెలో శాశ్వతంగా బిగించి కన్సోల్‌గా మార్చుకోవచ్చు. అసలు బోర్డు ఊసే లేకుండా, లోపలి సర్క్యూట్‌ను కావాల్సినట్టు మార్చుకోగల ఎఫ్‌పీజీఏ చిప్పు మీద అదే ఆట ఆడే మార్గమూ ఉంది. ఇన్ని దారులు కనిపించడంతో ఈ అభిరుచిలోకి కొత్తగా వచ్చేవారు ‘ఏ సూపర్‌గన్ మంచిది’ అన్న ప్రశ్నతోనే మొదలుపెడుతున్నారు. డబ్బు వృథా అయ్యేదీ, కొన్నిసార్లు బోర్డు కాలిపోయేదీ ఈ తొందర వల్లే.

సంక్షిప్తంగా: సూపర్‌గన్ పెట్టెలో ఉండే ఎలక్ట్రానిక్స్ చాలా తక్కువ. బొమ్మ సరిగా రావడం, బోర్డు క్షేమంగా ఉండడం ప్రధానంగా విద్యుత్ సరఫరా మీద, తెర మీద ఆధారపడతాయి. ఏ బోర్డులు ఆడాలో ముందు, ఏ తెర మీద ఆడాలో ఆ తర్వాత, పవర్ సప్లై ఆపైన తేల్చుకుంటే పెట్టె ఎంపిక దాదాపుగా దానంతటదే తేలిపోతుంది.

1985 నాటి ఒప్పందం

1980ల తొలి సగంలో ప్రతి తయారీ సంస్థా తన బోర్డుకు తనకు తోచిన కనెక్టర్ పెట్టేది. ఆట మార్చాలంటే పార్లర్ యజమాని కేబినెట్ వైరింగ్ కూడా మార్చాల్సి వచ్చేది. జపాన్‌లోని వినోద యంత్రాల తయారీదారుల సంఘం 1985లో ఉమ్మడి వైరింగ్ పద్ధతిని తెచ్చింది. ఆ సంఘం పొట్టి పేరుతోనే దాన్ని జామా అంటున్నారు. బోర్డు అంచున పై వైపు 28, కింది వైపు 28, మొత్తం 56 పిన్నులు. ఒక పిన్ను మధ్య నుంచి పక్క పిన్ను మధ్యకు దూరం 3.96 మిల్లీమీటర్లు. మొదటి ఆరు వరుసలు విద్యుత్తుకు: గ్రౌండ్, 5 వోల్టులు, మైనస్ 5 వోల్టులు, 12 వోల్టులు. ఆ తర్వాత నాణేల లెక్కింపు, స్పీకరు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం, సింక్ సంకేతాలు. చివరన ఇద్దరు ఆటగాళ్ల స్టార్ట్ మీటలు, జాయ్‌స్టిక్ దిక్కులు, ఒక్కొక్కరికి మూడు బటన్లు.

ఏడో వరుసలో పిన్ను ఉండదు. అక్కడ బోర్డు అంచున చిన్న గాడి, కనెక్టర్‌లో దానికి సరిపోయే అడ్డుముక్క ఉంటాయి. చవక కనెక్టర్లలో ఈ అడ్డుముక్కను వదిలేస్తుంటారు. అది లేకపోతే కనెక్టర్‌ను తలకిందులుగా తొడగడానికి అడ్డేమీ ఉండదు. అప్పుడు ఏమవుతుందో లెక్క కడితే తెలుస్తుంది. తిరగేసినప్పుడు ఒకటో వరుస 28వ వరుసతో, రెండోది 27తో కలుస్తుంది. గ్రౌండ్ రెండు చివరలా ఉంది కాబట్టి సర్క్యూట్ పూర్తవుతుంది. 12 వోల్టులు ఉన్న ఆరో వరుస వెళ్లి 23వ వరుసకు, అంటే ఇద్దరు ఆటగాళ్ల రెండో బటన్ పిన్నులకు తగులుతుంది. మైనస్ 5 వోల్టులు మూడో బటన్ పిన్నుల మీదికి వస్తాయి. 5 వోల్టుల లాజిక్ చిప్పు ఆ పిన్నుల వెనకే ఉంటుంది. స్విచ్ వేసిన క్షణంలోనే అది పోతుంది. కొన్ని రూపాయల ప్లాస్టిక్ ముక్క ఎంత ఖరీదైన బోర్డును కాపాడుతోందో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

జామాకు ముందు వచ్చిన బోర్డులకు అడాప్టర్లు దొరుకుతాయి. అయితే కొన్నింటికి వైర్లు అటూ ఇటూ కలిపినంత మాత్రాన సరిపోదు. 1980 నాటి ప్యాక్‌మ్యాన్ బోర్డు ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఏసీ విద్యుత్తును తీసుకుని తానే 5 వోల్టులుగా మార్చుకుంటుంది. డాంకీకాంగ్ బోర్డు రంగులను తలకిందుల సంకేతంగా పంపుతుంది, మామూలు తెర మీద అవి ఫొటో నెగెటివ్‌లా కనిపిస్తాయి. ఇలాంటివే ఆడాలనుకునేవారికి ఎంత మంచి సూపర్‌గన్ అయినా అదొక్కటే చాలదు.

1990ల చివర్లో జేవీఎస్ అనే కొత్త ప్రమాణం వచ్చింది. 1998 నాటి సెగా నయోమీ వంటి బోర్డులు దాన్ని వాడతాయి. ఇందులో బటన్ల సమాచారం సీరియల్ తీగ మీద వెళ్తుంది, విద్యుత్తులో 3.3 వోల్టులు కూడా కావాలి. జామా సూపర్‌గన్‌కు ఇవి నేరుగా తగులుకోవు. పవర్ సప్లై, బటన్ల సంగతి చిక్కే కానీ తెర విషయం మాత్రం తేలిక. నయోమీ 31 కిలోహెర్ట్జ్ (సెకనుకు దాదాపు 31 వేల గీతల) బొమ్మను ఇవ్వగలదు కాబట్టి పాత వీజీఏ మానిటర్ చాలు.

5 వోల్టులు ఎక్కడ కొలవాలి

పాత బోర్డుల మీద టీటీఎల్ రకం చిప్పులు పదుల సంఖ్యలో ఉంటాయి. అవి భరోసాగా పనిచేసే పరిధి 4.75 నుంచి 5.25 వోల్టుల వరకే. తగ్గితే బొమ్మలు చెదరడం, శబ్దం ఆగడం, ఆట మధ్యలో రీసెట్ కావడం. పెరిగితే చిప్పుల ఆయుష్షు తగ్గడం. చాలామంది పవర్ సప్లై దగ్గర మల్టీమీటర్ పెట్టి 5.00 కనిపించగానే సంతృప్తి పడతారు. బోర్డుకు అందేది మాత్రం అంత ఉండదు.

కారణం తీగల నిరోధం. ఒక బోర్డు 4 ఆంపియర్లు తీసుకుంటోందనీ, తీగలు, కనెక్టర్ కలిపి రానూ పోనూ 0.05 ఓం నిరోధం ఉందనీ అనుకుందాం. దారిలోనే 0.2 వోల్టులు పోతాయి, బోర్డు అంచుకు చేరేది 4.8 వోల్టులు. తీగలు సన్నగా, పొడవుగా ఉండి నిరోధం 0.1 ఓం అయితే నష్టం 0.4 వోల్టులు. అప్పుడు ఆట నడవదు. దాన్ని సరిచేయడానికి పవర్ సప్లై మీద ఉన్న చిన్న స్క్రూ తిప్పి 5.4 దగ్గర పెడతారు, ఆట నడుస్తుంది. మరుసటి రోజు అదే సెట్టింగు మీద ఒక్క ఆంపియర్ మాత్రమే తీసుకునే చిన్న బోర్డును తగిలిస్తే దారిలో పోయేది 0.1 వోల్టే. ఆ బోర్డుకు 5.3 వోల్టులు పడతాయి, అంటే పరిధి దాటినట్టే.

అందువల్ల బోర్డు మార్చిన ప్రతిసారీ అంచు దగ్గరే, బోర్డు నడుస్తుండగానే కొలవాలి. స్క్రూ తిప్పే అవసరం తగ్గాలంటే తీగలు పొట్టిగా, మందంగా ఉండాలి. 5 వోల్టులకు కేటాయించిన నాలుగు పిన్నులూ, గ్రౌండ్ పిన్నులన్నీ నిజంగా వైరింగ్‌లో కలిసి ఉండాలి. చవక హార్నెస్‌లలో (కనెక్టర్‌కు కలిపి వచ్చే తీగల గుత్తుల్లో) ఒక పిన్నుకే తీగ ఇచ్చి మిగతావి ఖాళీగా వదిలేసిన సందర్భాలు తరచుగా కనిపిస్తాయి. మంచి సూపర్‌గన్‌కూ నాసిరకానికీ అతి పెద్ద తేడా చాలాసార్లు ఇక్కడే ఉంటుంది, ఫొటోలో మాత్రం కనబడదు. బోర్డు అంచు వోల్టేజీని చూపే చిన్న మీటర్ పెట్టెలోనే అమర్చి ఉంటే అది అలంకారంగా భావించనక్కర్లేదు, దానికి అదనంగా పెట్టే డబ్బు సార్థకమే.

ఏ పవర్ సప్లై అన్నది తర్వాతి ప్రశ్న. ఆర్కేడ్ యంత్రాల కోసమే చేసిన ఎస్ఎంపీఎస్‌లు 5, 12, మైనస్ 5 మూడూ ఇస్తాయి, 5 వోల్టులను సవరించే స్క్రూ ఉంటుంది. పారిశ్రామిక రకాల్లో మీన్‌వెల్ ఆర్‌టీ-65ఏ కూడా ఈ మూడింటినీ ఇస్తుంది. అదే వరుసలో చివర బి ఉన్న నమూనా మైనస్ 5కు బదులు మైనస్ 12 ఇస్తుంది. ఒక్క అక్షరం తేడా అయినా కొనేటప్పుడు గమనించాల్సిందే. కంప్యూటర్ ఎస్ఎంపీఎస్ వాడాలనుకుంటే, 2000ల తొలి సంవత్సరాల్లోనే వాటి ప్రమాణం నుంచి మైనస్ 5 వోల్టులను తీసేశారు. చాలా బోర్డులకు ఆ వోల్టేజీ అక్కర్లేదు. కొన్ని పాత బోర్డుల్లో అది శబ్దానికి అవసరం, అది అందకపోతే బొమ్మ వస్తుంది కానీ శబ్దం రాదు. ఇవన్నీ 230 వోల్టుల సరఫరాకు కలిపే వస్తువులు. స్క్రూ టెర్మినళ్లు బయటికి కనిపించే రకాన్ని మూత లేకుండా బల్ల మీద వదలడం ప్రాణాపాయం.

రంగు ఎక్కువైతే

ఆర్కేడ్ మానిటర్‌కూ ఇంటి టీవీకీ మధ్య సంకేతాల బలంలో తేడా ఉంది. టీవీలు, పాత బొమ్మను ఇప్పటి టీవీకి సరిపడేలా మార్చే స్కేలర్లు 75 ఓం ఇన్‌పుట్ దగ్గర ఒక్కో రంగుకు 0.7 వోల్టులు ఆశిస్తాయి. ఆర్కేడ్ బోర్డులు అంతకు ఎన్నో రెట్లు బలమైన సంకేతాన్ని పంపుతాయి. ఎంత అన్నది జామా ఒప్పందం కచ్చితంగా బిగించలేదు, కాబట్టి తయారీదారును బట్టి మారుతుంది. పార్లర్‌లో మెకానిక్ మానిటర్ వెనక ఉన్న మీటలు తిప్పి సరిచేసేవాడు. ఇంట్లో ఆ పని సూపర్‌గన్ చేయాలి.

రెండు పద్ధతులు ఉన్నాయి. మొదటిది ప్రతి రంగు దారిలోనూ రెసిస్టర్, దానితోపాటు సవరించుకునే చిన్న పొటెన్షియోమీటర్ పెట్టడం. ఇది చవక, సులభం. అయితే ఒక బోర్డుకు సరిపెట్టిన అమరిక మరో బోర్డుకు చీకటిగానో, వెలిసిపోయినట్టుగానో కనిపించవచ్చు. రెండోది సంకేతాన్ని ముందు తగ్గించి, ఆ తర్వాత వీడియో ఆంప్లిఫయర్ చిప్పు ద్వారా 75 ఓం దారిలోకి పంపడం. టీవీ తీసుకునే కరెంటు భారం బోర్డు మీద పడదు కాబట్టి రంగులు నిలకడగా ఉంటాయి. ఎక్కువ బోర్డులు మార్చి ఆడేవారికి రెండోదే మేలు.

సింక్ విషయంలో ఇంకాస్త జాగ్రత్త కావాలి. గీత ఎక్కడ మొదలవాలో, ఫ్రేమ్ ఎక్కడ ముగియాలో తెరకు చెప్పేది ఈ సంకేతమే. బోర్డు దీన్ని లాజిక్ స్థాయిలో పంపుతుంది, అది టీవీ ఆశించే దానికంటే చాలా ఎక్కువ. దారిలో కనీసం కొన్ని వందల ఓంల రెసిస్టర్ లేకుండా ఖరీదైన స్కేలర్‌కు నేరుగా కలపడం ఆ స్కేలర్‌కే ప్రమాదం. సింక్‌ను శుభ్రపరిచి పంపడానికి ఎల్ఎం1881 వంటి చిప్పులను వాడే నమూనాలూ ఉన్నాయి.

55 హెర్ట్జ్ చిక్కు

సూపర్‌గన్ కొన్నవారిలో ఎక్కువమంది అడిగే ప్రశ్న ఒకటి ఉంది: ఒక ఆట టీవీలో చక్కగా వస్తుంటే, అదే తీగలతో మరో ఆటకు ‘సిగ్నల్ లేదు’ అని ఎందుకు వస్తోంది? పెట్టెను తప్పుపట్టడం సహజమే కానీ, కారణం చాలావరకు బోర్డు సెకనుకు పంపే ఫ్రేముల సంఖ్యలో ఉంటుంది.

ఎస్ఎన్‌కే సంస్థ నియోజియో బోర్డు సెకనుకు 15,625 గీతలు గీస్తుంది. ఒక్కో ఫ్రేమ్‌కు 264 గీతలు. భాగిస్తే సెకనుకు 59.19 ఫ్రేములు. ఐరెమ్ సంస్థ 1987లో తెచ్చిన ఆర్-టైప్ బోర్డు కూడా సెకనుకు 15,625 గీతలే గీస్తుంది, కానీ ఫ్రేమ్‌కు 284 గీతలు తీసుకుంటుంది. అందుకే దాని వేగం 55.02 ఫ్రేములు. నిలువునా ఎక్కువ గీతలు కావాలనుకున్న రూపకర్తలు ఫ్రేముల సంఖ్యను తగ్గించుకున్నారు. తన ఆటకు తానే మానిటర్‌ను ఎంచుకునే ఆర్కేడ్ రంగంలో దానికి అభ్యంతరం చెప్పేవారు లేరు. మోర్టల్ కోంబాట్ 54.7 దగ్గర, కేవ్ సంస్థ తొలి షూటింగ్ ఆటలు 57.5 దగ్గర, కాప్‌కాం సీపీఎస్ బోర్డులు 59.6 దగ్గర నడుస్తాయి.

పిక్చర్ ట్యూబ్ టీవీ దీన్ని చాలావరకు సర్దుకుంటుంది. సింక్ వచ్చినప్పుడు ఎలక్ట్రాన్ పుంజం పైకి తిరిగి వెళ్తుంది, అంతే. నేటి ఎల్‌సీడీ, ఓఎల్ఈడీ టీవీల్లో చాలా నమూనాలు మాత్రం 50 లేదా 60కి చాలా దగ్గరగా ఉంటేనే ఒప్పుకుంటాయి. మధ్యలో నిలబడే స్కేలర్‌కు ఇక్కడ రెండు దారులు. ఒకటి, వచ్చిన వేగాన్ని మార్చకుండా గీతలను మాత్రం రెట్టింపు, మూడింతలు చేసి పంపడం. ఓఎస్ఎస్‌సీ అనే ఓపెన్ సోర్స్ పరికరం చేసేది ఇదే. ఆలస్యం దాదాపు ఉండదు. కానీ 55 హెర్ట్జ్ వస్తే టీవీ దాన్ని అంగీకరించకపోవచ్చు. రెండోది, ఫ్రేములను మెమరీలో పట్టి ఉంచి 60 చొప్పున విడుదల చేయడం. అప్పుడు బొమ్మ ఏ టీవీలోనైనా వస్తుంది. అయితే 55 ఫ్రేములను 60గా చూపాలంటే ప్రతి 11 ఫ్రేములకూ ఒకటి రెండుసార్లు కనిపించాలి. ఆర్-టైప్ వంటి నిదానంగా పక్కకు జరిగే ఆటలో నేపథ్యం క్రమంగా కుదుపుకు లోనవడం కంటికి తెలుస్తుంది. పైగా కొన్ని మిల్లీసెకన్ల ఆలస్యం. ఒక ఫ్రేమ్ నిడివే దాదాపు 17 మిల్లీసెకన్లు.

2021లో వచ్చిన రెట్రోటింక్ 5ఎక్స్ ప్రో, 2023 నాటి రెట్రోటింక్ 4కె వంటివి రెండు పద్ధతుల్లో దేన్నైనా ఎంచుకోనిస్తాయి. వాటి ధర చాలా సూపర్‌గన్‌ల ధర కంటే ఎక్కువ. బడ్జెట్ లెక్కలో తెరను ముందు పెట్టమనడానికి ఇదే కారణం. తక్కువ ఖర్చులో కావాలంటే జీబీఎస్-8200 అనే చవక బోర్డుకు చిన్న వైఫై మైక్రోకంట్రోలర్ కలిపి, ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఎక్కించే పద్ధతి ఉంది. సోల్డరింగ్ వచ్చినవారికి ఇది పనికొచ్చే దారి. వేగం మారగల తెర సౌకర్యం ఉన్న కంప్యూటర్ మానిటర్లలో కొన్ని 55 హెర్ట్జ్‌ను అలాగే చూపుతాయి, కొనే ముందు పరీక్షించుకోవడం మంచిది.

మన డబ్బా టీవీలు పనికొస్తాయా

విదేశీ మార్గదర్శకాలన్నీ స్కార్ట్ తీగ గురించి మాట్లాడతాయి. ఐరోపా టీవీల్లో ఉండే ఆ సాకెట్ ద్వారా ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా వెళ్తాయి. భారత్‌లో అమ్మిన పిక్చర్ ట్యూబ్ టీవీల్లో అది సాధారణంగా ఉండదు. ఎక్కువ సెట్లలో ఉన్నది పసుపు రంగు ఏవీ సాకెట్ మాత్రమే. దానికి కలపాలంటే మూడు రంగులనూ ఒకే తీగలో ఇమిడ్చే ఎన్‌కోడర్ కావాలి. ఆ క్రమంలో సన్నని గీతలు, చిన్న అక్షరాలు అలుక్కుపోతాయి. 2000లలో వచ్చిన కొన్ని ఫ్లాట్ ట్యూబ్ టీవీల్లో ఆకుపచ్చ, నీలం, ఎరుపు మూడు సాకెట్ల కాంపొనెంట్ ఇన్‌పుట్ ఉంది. రంగులు ఒకటే అయినా అక్కడికి వెళ్లేది వేరే రకం సంకేతం, కాబట్టి మధ్యలో చిన్న ట్రాన్స్‌కోడర్ పెట్టాలి. పెడితే బొమ్మ దాదాపు అసలుకు దగ్గరగా వస్తుంది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో సెకండ్ హ్యాండ్ దుకాణంలో ట్యూబ్ టీవీ కొనేవారు వెనక ఈ మూడు సాకెట్లు ఉన్నాయో లేదో చూడడం, ఏ సూపర్‌గన్ సమీక్ష చదవడం కంటే ఉపయోగం. మన టీవీలు పాల్ పద్ధతివైనా ఎక్కువ సెట్లు 50, 60 హెర్ట్జ్ రెండింటినీ స్వీకరిస్తాయి.

నిలువు తెర ఆటలది వేరే సంగతి. పైకి ఎగిరే విమానాల షూటింగ్ ఆటల్లో చాలావాటికి పార్లర్‌లో మానిటర్‌నే పక్కకు తిప్పి బిగించేవారు. ఇంట్లో బరువైన ట్యూబ్ టీవీని పక్కకు పడుకోబెట్టడం వేడికీ, రంగుల మచ్చలకూ దారి తీస్తుంది. ఆ ఆటలే ప్రధానమైతే తిరిగే స్టాండ్ ఉన్న ఎల్‌సీడీ మానిటర్, మంచి స్కేలర్ కలయికే ఆచరణ సాధ్యం.

బటన్లు, శబ్దం

బటన్ల వైరింగ్ ఈ మొత్తం వ్యవహారంలో సులువైన భాగం. బోర్డు లోపల ప్రతి బటన్ పిన్ను 5 వోల్టుల వైపు లాగి ఉంటుంది, నొక్కితే గ్రౌండ్‌కు కలుస్తుంది. అంటే ప్రతి బటన్‌కూ ఒక తీగ, అందరికీ కలిపి ఒక గ్రౌండ్ తీగ చాలు. మధ్యలో చిప్పు ఏదీ లేకపోవడంతో ఆలస్యం కూడా లేదు. చాలా సూపర్‌గన్‌లు నియోజియో కన్సోల్ వాడిన 15 పిన్నుల సాకెట్‌నే పెట్టడానికి కారణం ఈ సరళతే. ఇప్పటి యూఎస్‌బీ ప్యాడ్లు వాడాలంటే వాటి భాషను బటన్ సంకేతాలుగా మార్చే డీకోడర్ అదనంగా కావాలి.

మూడు బటన్లు దాటినప్పుడే తిరకాసు మొదలవుతుంది. 1991లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ 2 ఆటకు ఆరు బటన్లు కావాలి. మూడు గుద్దులు జామా పిన్నుల మీద, మూడు తన్నులు బోర్డు మీదున్న వేరే కనెక్టర్‌లో ఉంటాయి. 1993 నాటి సీపీఎస్-2 బోర్డులో ఆ కనెక్టర్ రకమే మారిపోయింది, కాబట్టి రెండింటికీ వేర్వేరు తీగలు కొనాలి. నియోజియో నాలుగో బటన్ 25వ వరుస పిన్నుల మీద ఉంటుంది. స్ట్రీట్ ఫైటర్ నకిలీ బోర్డుల్లో కొన్ని మిగతా బటన్లను 25, 26, 27 వరుసలకు నెట్టాయి. జామా ప్రకారం 27వ వరుస గ్రౌండ్. ప్రమాణాన్ని తు.చ. తప్పకుండా పాటించిన సూపర్‌గన్‌లో ఇలాంటి బోర్డు పెడితే ఒక తన్ను బటన్‌ను ఎవరో ఎప్పుడూ నొక్కి పట్టుకున్నట్టే ఉంటుంది. అక్కడ స్విచ్ పెట్టిన నమూనాలే ఈ రకం బోర్డులకు పనికొస్తాయి.

శబ్దం గురించి ఒక్క జాగ్రత్త చాలు. జామా పిన్నుల నుంచి వచ్చేది నేరుగా స్పీకరును మోగించే బలమైన సంకేతం. టీవీకి పంపే ముందు దాన్ని తగ్గించాలి. కొన్ని బోర్డుల్లో స్పీకర్ మైనస్ తీగ గ్రౌండ్ కాదు, దాన్ని గ్రౌండ్‌కు కలిపితే ఆంప్లిఫయర్ చిప్పు మాడిపోతుంది. ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న సూపర్‌గన్ ఈ బెడదను తప్పిస్తుంది.

కొనడమా, కట్టుకోవడమా

పై విషయాలు తేలాక పెట్టె ఎంపిక చిన్నదవుతుంది. 1990లలో జపాన్‌లో సిగ్మా సంస్థ ఏవీ7000 వంటి నమూనాలను తయారు చేసింది. సేకరణ వస్తువులుగా వాటికి విలువ ఉన్నా, లోపలి కెపాసిటర్లకు ముప్పై ఏళ్ల వయసు. రోజూ ఆడడానికి ఇప్పటివే నయం. ఫ్రాన్స్ నుంచి వచ్చిన హెచ్ఏఎస్ వంటి సూపర్‌గన్‌లలో వీడియో సర్దుబాటు, బటన్ల మార్పిడి సౌకర్యాలు బాగున్నాయి. మినీగన్ అనే ఓపెన్ సోర్స్ నమూనా డ్రాయింగులు ఉచితం. ప్రింటెడ్ సర్క్యూట్ బోర్డును చేయించుకుని, భాగాలు తెచ్చి ఎవరికి వారే కట్టుకోవచ్చు.

రెండు మూడు బోర్డులే ఉన్నవారికి ఇంకా సాదా మార్గం ఉంది: మంచి హార్నెస్, ఆర్కేడ్ ఎస్ఎంపీఎస్, మూడు పొటెన్షియోమీటర్లు, ఒక రెసిస్టర్, రెండు సాకెట్లు. సోల్డరింగ్ చేయగలిగిన వ్యక్తి వారాంతంలో పూర్తి చేయగల పని ఇది. పది రకాల బోర్డులు మార్చి మార్చి ఆడేవారు మాత్రం వీడియో ఆంప్లిఫయర్, వోల్టేజీ మీటర్, 27వ వరుస స్విచ్ ఉన్న తయారు పెట్టెకు డబ్బు పెట్టడం సబబు. ఒకసారి బోర్డు కాలిపోతే ఆ ఆదా అంతా గాలికి పోతుంది.

ఒక్క నియోజియో మీదే ఆసక్తి ఉన్నవారికి సూపర్‌గన్ అక్కర్లేదు. ఎస్ఎన్‌కే సంస్థ 1990లో పార్లర్లకు ఎంవీఎస్, ఇళ్లకు ఏఈఎస్ అనే రెండు రూపాల్లో ఒకే హార్డ్‌వేర్‌ను తెచ్చింది. ఇంటి కన్సోల్ పెద్ద ప్యాకేజీ ధర అమెరికాలో 649.99 డాలర్లు. అంత ధర పెట్టి కొన్నవారు తక్కువ కాబట్టి ఇంటి కార్ట్రిడ్జ్‌లు నేడు అరుదు, పార్లర్ కార్ట్రిడ్జ్‌లు వాటితో పోలిస్తే చవక. ఒకే స్లాట్ ఉన్న ఎంవీఎస్ బోర్డును పెట్టెలో బిగించి కన్సోల్‌గా మార్చే పద్ధతి అందుకే పుట్టింది. చాలా ఒంటి స్లాట్ బోర్డుల్లో 12 వోల్టులు శబ్దం ఆంప్లిఫయర్‌కు మాత్రమే కావాలి. శబ్దాన్ని దానికి ముందే పట్టుకుంటే 5 వోల్టుల అడాప్టర్ ఒక్కటే చాలు. ఒకే బోర్డు కాబట్టి రంగుల స్థాయిని ఒక్కసారి సరిపెడితే మళ్లీ ముట్టుకునే పని ఉండదు.

బోర్డే అవసరమా

2017లో మొదలైన మిస్టర్ ప్రాజెక్టు డీఈ10-నానో అనే ఎఫ్‌పీజీఏ బోర్డు మీద పాత యంత్రాల సర్క్యూట్లను తిరిగి నిర్మిస్తోంది. సీపీఎస్-1, సీపీఎస్-2, నియోజియో అందులో నడుస్తున్నాయి. 55 హెర్ట్జ్ ఆట 55 హెర్ట్జ్‌లోనే నడుస్తుంది, ట్యూబ్ టీవీకి అనలాగ్ సంకేతం కూడా ఇస్తుంది. పాత యంత్రాలను సాఫ్ట్‌వేర్‌తో అనుకరించే, 1997లో వచ్చిన మేమ్ ఎమ్యులేటర్ ఏ కంప్యూటర్ మీదైనా వేల ఆటలను నడుపుతుంది. ఆడడమే లక్ష్యమైతే ఖర్చు, శ్రమ రెండింటి దృష్ట్యా వీటిదే పైచేయి. ఈ మాట చెప్పడానికి సూపర్‌గన్ అభిమానులు మొహమాటపడాల్సిన అవసరం లేదు.

అసలు బోర్డుకు మిగిలే బలం వేరు. ఎఫ్‌పీజీఏ రూపం రాని ఆటలు ఇంకా ఉన్నాయి. ఆ రూపాలు సరిగ్గా ఉన్నాయో లేదో సరిపోల్చి చూడడానికి పనిచేసే అసలు బోర్డే ఆధారం. ఆటల సమాచారాన్ని భద్రపరిచే పని కూడా బోర్డుల మీది చిప్పులను చదవడంతోనే మొదలవుతుంది. బోర్డును పోషించి నడిపే ప్రతి సేకర్త ఆ పనికి తోడ్పడుతున్నట్టే.

బ్యాటరీ గడువు

ఈ బోర్డులకు ఉన్న ముప్పు సూపర్‌గన్ నుంచి మాత్రమే కాదు, కాలం నుంచి కూడా. ఎంవీఎస్ బోర్డు మీద సెట్టింగులను కాపాడే 3.6 వోల్టుల నికెల్ కాడ్మియం బ్యాటరీ ఉంటుంది. ఏళ్లు గడిస్తే అది కారి, చుట్టుపక్కల రాగి గీతలను తినేస్తుంది. బోర్డు చేతికి రాగానే దాన్ని తీసేయడం మొదటి పని. అదే పని సీపీఎస్-2 బోర్డుకు చేస్తే ఆట చచ్చిపోతుంది. అక్కడి బ్యాటరీ కాపాడుతున్నది ప్రోగ్రామ్ గుట్టు విప్పే తాళాన్ని, అంటే ఒక రహస్య సంకేతాన్ని. విద్యుత్తు ఆగితే తాళం చెరిగిపోతుంది, తెర మీద ఖాళీ రంగు తప్ప ఏమీ రాదు. సెగా సిస్టమ్ 16 బోర్డుల్లో కొన్నింటికీ ఇలాంటి ఏర్పాటే ఉంది.

2016లో సీపీఎస్-2 తాళాన్ని తిరిగి రాసే పద్ధతిని పరిశోధకులు బయటపెట్టడంతో, చచ్చినట్టు వదిలేసిన బోర్డులను కూడా అసలు స్థితికి తెచ్చే వీలు కలిగింది. ఇప్పుడు చిన్న మైక్రోకంట్రోలర్ ముక్కను అమర్చితే స్విచ్ వేసిన ప్రతిసారీ అదే తాళాన్ని అందిస్తుంది, బ్యాటరీ పూర్తిగా తీసేయవచ్చు. దీంతో ‘చచ్చిన’ సీపీఎస్-2 బోర్డులను తక్కువ ధరకు కొని బాగుచేసుకునే అవకాశం ఏర్పడింది. అయితే అమ్మేవారు ‘బ్యాటరీ సమస్య’ అని చెప్పినంత మాత్రాన అదొక్కటే సమస్య అని నమ్మలేం. పిక్చర్ ట్యూబుల కొరతకు స్కేలర్లు, పవర్ సప్లైలకు కొత్త నమూనాలు జవాబు చెబుతున్నాయి. ఆయా సంస్థలు సొంతంగా చేయించుకున్న గ్రాఫిక్స్ చిప్పులు చెడిపోతే మాత్రం వాటిని మరో బోర్డు నుంచి ఊడదీయాల్సిందే. కొనే ముందు బోర్డు నడుస్తుండగా తీసిన వీడియో అడగడం, బ్యాటరీ చుట్టూ, పిన్నుల అంచున దగ్గరి నుంచి తీసిన ఫొటోలు తెప్పించుకోవడం అందుకే తప్పనిసరి.